దవడ కండరం నొప్పికి బొటాక్స్ సూది: ఇప్పుడే వేయించాలా, ముందు చేయాల్సినవి ఉన్నాయా?

పరకాల_ఫార్మసీ

అందరికీ నమస్తే. మా అక్క కుడి దవడ నొప్పి గురించి అడుగుతున్న. వయసు 36, పరకాలలో టైలరింగ్ పని. వివరాలన్నీ పెడుతున్న, తెలిసినోళ్లు సూటిగా చెప్పండి.

నొప్పి మొదలై 8 నెలలు. కుడి చెంప, చెవి ముందు భాగం, కణత. ఎడమ పక్క కొద్దిగ ఉంటది. పొద్దున లేవంగనే దవడ బిగుసుకుపోయి ఉంటది, పదకొండింటికల్లా సడలుతది, సాయంత్రం మిషన్ మీది నుంచి లేచే సరికి మళ్లీ మొదలు. నోరు తనంతట తాను తెరిస్తే పై పళ్ల అంచు నుంచి కింది పళ్ల అంచుకు 31 మి.మీ. వేళ్లతో మెల్లగ సాయం చేస్తే 39 వస్తుంది. కీలు దగ్గర టిక్కుమనే చప్పుడు లేదు. వక్క, జర్దా, గుట్కా ఏదీ అలవాటు లేదు. వాపు, జ్వరం, తిమ్మిరి లేవు.

ఇప్పటిదాకా చేసినవి: ముందు కింది కుడి దంతానికి రూట్ కెనాల్ చేశారు, నొప్పి అట్లనే ఉంది. తర్వాత మెత్తటి నైట్ గార్డ్ ఇచ్చారు. రెండు నెలలు పెట్టుకుంటే పొద్దుటి బిగుతు ఇంకా ఎక్కువైంది. కండరం సడలించే థయోకాల్చికోసైడ్ 4, నొప్పి తగ్గించే అసెక్లోఫెనాక్ 100 కలిసిన గోలీ ఐదు నెలల నుంచి, వారంలో నాలుగైదు రోజులు వాడుతోంది. ఓపీజీ (దవడ మొత్తం కనిపించే) ఎక్స్‌రేలో పళ్లు, కీళ్లు బాగున్నాయి. ఇప్పుడు ఒక క్లినిక్‌లో రెండు వైపులా మాసిటర్ కండరానికి (చెంపలో నమిలే కండరం) 50 యూనిట్ల చొప్పున బొటాక్స్ వేద్దాం, ఒక్కసారితో తేలిపోతుంది అంటున్నారు.

నా ప్రశ్న ఒక్కటే. ఈ సూది వరుసలో ఎక్కడ వస్తుంది? దానికి ముందు సరిగ్గా చేయకుండా వదిలేసినవి ఏమైనా ఉన్నాయా?

నోటి_వైద్యం_హన్మకొండ

తమ్మీ, 31, 39 అని రెండు అంకెలు రాశావు చూడు, సగం సంగతి అక్కడే ఉంది. సాయం చేస్తే 8 మి.మీ. ఎక్కువ తెరుచుకుందంటే అడ్డుపడుతున్నది బిగిసిన కండరం. కీలులోని డిస్క్ (ఎముకల మధ్య మెత్త) ముందుకు జారి ఇరుక్కుంటే వేళ్లతో సాయం చేసినా గోడకు తగిలినట్టు అక్కడే ఆగుతుంది. కొలిచేటప్పుడు పై పళ్లు కింది పళ్లను ఎంత కప్పుతున్నాయో అది కూడా కలపాలి, మామూలుగా 2, 3 మి.మీ. ఉంటుంది. మొత్తం 40 దాటితే సాధారణం.

అయినా కండరం నొప్పి అని తేల్చడానికి ఇది చాలదు. 2014లో వచ్చిన డీసీ/టీఎండీ అనే దవడ నొప్పి నిర్ధారణ ప్రమాణాల ప్రకారం మాసిటర్‌ను, కణత దగ్గరి టెంపొరాలిస్ కండరాన్ని వేలి కొసతో 1 కిలో ఒత్తిడితో 2 సెకన్లు నొక్కాలి. నొక్కినప్పుడు నొప్పి రావడం ముఖ్యం కాదు, అట్లా నొక్కితే చాలామందికి వస్తుంది. "ఇదే, నాకు రోజూ వచ్చే నొప్పి ఇదే" అని మనిషి గుర్తుపట్టాలి. అదే చోట 5 సెకన్లు నొక్కితే నొప్పి పన్నులోకో చెవిలోకో పాకుతుందా అని చూడాలి. ఒక కిలో ఒత్తిడి ఎంతో వేలికి తెలియాలంటే వంటింటి డిజిటల్ తూకం మీద నొక్కి 1000 గ్రాములు చూపించే దాకా అలవాటు చేసుకోవాలి. పదిసార్లు చేస్తే వేలికి పట్టుబడుతుంది. చెవి ముందున్న కీలు మీద మాత్రం అరకిలో చాలు.

రూట్ కెనాల్ సంగతి చదివితే బాధేసింది. మాసిటర్‌లో పడిన ముడి (బిగిసిన, నొక్కితే నొప్పి పుట్టే చోటు) కింది దవడ పళ్లలో పోటుగా పలుకుతుంది, టెంపొరాలిస్‌ది పై పళ్లలో పలుకుతుంది. మనిషి పన్ను చూపిస్తాడు, మూలం చెంపలో ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. అనుమానం ఉన్న పన్నుకు మత్తు సూది వేసి పది నిమిషాలు ఆగితే చాలు. పన్ను మొద్దుబారినా నొప్పి అట్లాగే ఉంటే ఆ పన్నుకు సంబంధం లేదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎన్ని మంచి పళ్లకు రంధ్రాలు పడుతున్నాయో.

పక్కన పెట్టాల్సినవి త్వరగా చెప్తాను. 50 దాటినవాళ్లకు నమిలేకొద్దీ దవడ లాగడం, కొత్తగా కణత నొప్పి, చూపు మసక వస్తే అదే రోజు ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు చేయించాలి, అది రక్తనాళాల వాపు కావచ్చు. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే దవడ నొప్పికి ముందు ఈసీజీ. ముఖం కడుక్కున్నా కరెంటు కొట్టినట్టు సెకన్లలో వచ్చిపోయేది నరం నొప్పి, దాని మందులు వేరు. గుట్కా, వక్క నమిలేవాళ్లకు నోరు రోజురోజుకూ తక్కువ తెరుచుకుంటూ, చెంప లోపల తెల్లగా పాలిపోయి, కారం తగిలితే మండుతుంటే అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, అంటే నోటి లోపలి పొర గట్టిపడే జబ్బు. మన జిల్లాల్లో ఇది తక్కువేం కాదు, దాన్ని కండరం నొప్పి అనుకుని నెలలు గడిపితే నష్టం. మీ అక్కకు ఇవేవీ లేవని నువ్వు రాసినదాన్ని బట్టి అనిపిస్తోంది.

ఇక నైట్ గార్డ్. మెత్తటిది కొందరిలో దవడను ఇంకా గట్టిగా బిగించేలా చేస్తుంది. పళ్ల మధ్య మెత్తటి వస్తువు ఉంటే నమలాలనే అనిపిస్తుంది కదా. అది ఆపేయండి. పెట్టాల్సి వస్తే గట్టి యాక్రిలిక్‌ది, పై పళ్లన్నింటినీ కప్పేది, వెనక దంతాల దగ్గర సుమారు 2 మి.మీ. మందం, కింది పళ్లన్నీ ఒకేసారి సమానంగా తగిలేలా చదునుగా ఉండాలి. పెట్టిన వారానికి ఒకసారి, మళ్లీ మూడు నాలుగు వారాలకు ఒకసారి రంగు కాగితం పెట్టి ఎక్కువ తగిలే చోట్లు అరగదీయాలి. ఈ సరిచేసుడు మానేసి ఇచ్చి పంపిస్తే అది ప్లాస్టిక్ ముక్క మాత్రమే. రాత్రి పూట మాత్రమే పెట్టుకోవాలి. ముందు పళ్లకో వెనక పళ్లకో మాత్రమే పెట్టేవి నెలల తరబడి వాడితే కప్పని పళ్లు పైకి లేచి కరుపు (పై పళ్లు కింది పళ్లు కలిసే తీరు) మారిపోతుంది. "కరుపు సరిచేస్తాం" అని సొంత పళ్లను అరగదీయడానికి ఎవరైనా ముందుకొస్తే ఒప్పుకోవద్దు, అరిగింది తిరిగి రాదు.

2023లో బీఎంజే (బ్రిటిష్ మెడికల్ జర్నల్) పత్రికలో దీర్ఘకాలిక దవడ నొప్పి మీద మార్గదర్శకం వచ్చింది. గట్టిగా చేయమన్నవి: కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స), ఫిజియోథెరపిస్టు చేతితో చేసే కీలు కదలికలు, కండరంలోని ముడులను చేతితో నొక్కి సడలించడం, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, మెడ భుజాల భంగిమ వ్యాయామాలు. తీసి పెట్టుకునే స్ప్లింట్లు (నైట్ గార్డ్ లాంటివి), బొటులినమ్ టాక్సిన్ (బొటాక్స్), గాబాపెంటిన్, బెంజోడయజెపీన్లు, కండరం సడలించే గోలీలు కలిపిన పారాసిటమాల్, ఇవన్నీ "షరతులతో వద్దు" అనే వరసలో ఉన్నాయి. ఎప్పుడూ వద్దని దాని అర్థం కాదు. మామూలుగా మొదటి ఎంపిక కావు అని. మీ అక్కకు రెండో వరసలోది నైట్ గార్డ్ అయిపోయింది, ఇప్పుడు బొటాక్స్ దాకా వచ్చారు, మొదటి వరసలోది ఒక్కటీ మొదలు కాలేదు.

మూడు సంగతులు అడుగుతాను, జవాబు రాయి. దారం పళ్లతో తెంపుతుందా, గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుంటుందా? మానసిక ఆందోళనకు, నిద్రకు ఏమైనా మందులు వాడుతోందా? గర్భం గానీ, పాలివ్వడం గానీ ఉందా?

థయోకాల్చికోసైడ్ మాత్రం ఈ జవాబుల కోసం ఆగకుండా ఇవాళే ఆపించు. ఐరోపా మందుల సంస్థ 2013లో దీన్ని నోటి ద్వారా పూటకు 8 మి.గ్రా. మించకుండా రోజుకు రెండు పూటలు, 7 రోజుల కంటే ఎక్కువ వాడొద్దని పరిమితం చేసింది. శరీరంలో ఇది విడిపోయి తయారయ్యే పదార్థం కణాల్లో క్రోమోజోముల సంఖ్యను దెబ్బతీయగలదని తేలింది. అందుకే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గర్భనిరోధం పాటించని స్త్రీలు వాడకూడదు. మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతోంది కదా అని ఐదు నెలలు వాడే గోలీ కాదు, నువ్వు ఆ వృత్తిలోనే ఉన్నావు కాబట్టి ఇంకా గట్టిగా చెప్తున్నాను. అసెక్లోఫెనాక్ కూడా ఇంతకాలం వాడింది కాబట్టి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష) ఒకసారి చూపించాలి. నెలలో 15 రోజులకు మించి, మూడు నెలలకు పైగా నొప్పి గోలీలు వేస్తే ఆ గోలీలే తలనొప్పిని నిలబెడతాయి. కణత నొప్పిలో కొంత వాటా దానిదే కావచ్చు.

ఫిజియో_జనగామ

మేడం చెప్పిన మొదటి వరస ఎట్లా చేయాలో రాస్తాను. "వ్యాయామం చేశాం, పని చేయలేదు" అనేవాళ్లలో చాలామంది చల్లటి కండరాన్ని బలవంతంగా లాగినవాళ్లు, లేకపోతే రోజుకు ఒక్కసారి యాభై చేసి మిగతా రోజంతా పళ్లు కరిచి పట్టుకున్నవాళ్లు.

అసలు మందు దవడను ఖాళీగా ఉంచడం. మాట్లాడనప్పుడు, తిననప్పుడు పై పళ్లు కింది పళ్లు తగలకూడదు. మధ్యలో 2 నుంచి 4 మి.మీ. సందు ఉండాలి, పెదవులు మాత్రం మూసి ఉండాలి. నాలుక కొస ఎక్కడ ఉండాలంటే, "ల" అనబోయి ఆగండి, అదే చోటు. పై పళ్ల వెనక చిగురు గట్టు మీద తేలిగ్గా ఆని ఉంటే పళ్లు వాటంతట అవే విడిపోతాయి. ఇది తెలిసినా పనిలో పడితే మర్చిపోతారు, అందుకని గుర్తు కావాలి. బొట్టుబిళ్లలు ఒక షీటు తీసుకుని కుట్టు మిషన్ తల మీద సూది దగ్గర ఒకటి, కత్తెర పిడి మీద ఒకటి, స్టవ్ పక్కన ఒకటి, ఫోన్ వెనక ఒకటి అంటించమనండి. బిళ్ల కంటపడినప్పుడల్లా పళ్లు తగులుతున్నాయా చూసుకోవాలి, తగిలితే విడిచి ఒక ఊపిరి వదలాలి. వారానికోసారి బిళ్లల చోటు మార్చాలి, లేకపోతే కన్ను అలవాటుపడి చూడడం మానేస్తుంది.

వేడి: మందపాటి తువ్వాలు వేడినీళ్లలో ముంచి పిండి, మణికట్టు లోపలి వైపు పెట్టి కాలడం లేదని చూసుకుని, చెంప నుంచి కణత దాకా కప్పాలి. 15 నిమిషాలు, చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచాలి. రోజుకు రెండు మూడు పూటలు. సాగదీసే వ్యాయామం ఎప్పుడైనా దీని తర్వాతే.

నాలుకను అంగిట్లో ఆనించి, అది జారకుండా ఎంత తెరుచుకుంటే అంతే నోరు తెరిచి మూయాలి. అద్దంలో గడ్డం పక్కకు పోకుండా నిటారుగా దిగాలి. 6 సార్లు చొప్పున రోజుకు 6 మార్లు. తర్వాత గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, వేళ్లు మెల్లగా ఆపుతుంటే నోరు తెరవడానికి ప్రయత్నించాలి, 5 సెకన్లు, 5 సార్లు. దవడ కదలకూడదు, బలం ఈకను ఆపినంతే. మూసే కండరాలు ఆ సమయంలో సడలుతాయి, దీని ఉద్దేశం అదే.

సాగదీయడం: బొటనవేలు పై ముందు పళ్ల మీద, చూపుడువేలు కింది ముందు పళ్ల మీద పెట్టి కత్తెరలా విడదీయాలి. లాగినట్టు అనిపించాలి, పొడిచినట్టు కాదు. పదికి మూడు దాటిన నొప్పి వస్తే ఎక్కువైందన్నమాట. 6 నుంచి 10 సెకన్లు పట్టి వదలాలి, 5 సార్లు, మూడు పూటలు. చేసిన అరగంటకు కూడా నొప్పి దిగకపోతే మరునాడు లెక్క సగం చేయాలి, ఆపేయొద్దు.

ముడి నొక్కడం: గోళ్లు కత్తిరించి, చేతులు కడిగి, కుడి చెంపకు ఎడమ చేతి బొటనవేలు నోటి లోపల, రెండు వేళ్లు బయట పెట్టి కండరాన్ని మధ్యలో పట్టుకోవాలి. పళ్లు ఒకసారి కరిస్తే గట్టిపడే కండరం తెలుస్తుంది, తెలిసాక నోరు వదులు చేయాలి. తాడులాంటి పోగు దొరికిన చోట 30 నుంచి 60 సెకన్లు ఆగి ఉండాలి. నొప్పి సగానికి దిగినట్టు తెలిసినప్పుడు చాలు. గట్టిగా నలిపితే రెండు రోజులు పుండులా ఉంటుంది. మొదటి రెండు మూడు సార్లు ఫిజియో దగ్గరే చేయించుకుని చేయి నేర్చుకోవాలి.

మెడ వదిలేయకండి. మిషన్ మీద ఒంగి కుట్టేటప్పుడు తల ముందుకు పోతే దవడను కింది నుంచి లాగే కండరాలు బిగిసి, మూసేవి ఎదురు పనిచేస్తాయి. బల్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచండి, గుడ్డ కళ్లకు దగ్గరగా రావాలి గానీ కళ్లు గుడ్డ దగ్గరకు పోకూడదు. అరగంటకోసారి లేచి, గడ్డాన్ని వెనక్కి లాగి 5 సెకన్లు, 10 సార్లు.

తిండి: రెండు మూడు వారాలు మెత్తటిది. పప్పన్నం, పెరుగన్నం, మక్క గట్క, ఇడ్లీ, అంబలి. జొన్నరొట్టె తినాలనిపిస్తే పప్పులో నానబెట్టి. సకినాలు, మక్క కంకి, చెరుకు, పల్లి పట్టి, బొక్కలు కొరుకుడు బంద్. బుక్క చిన్నది పెట్టి రెండు పక్కలా నమలాలి. అట్లని నెలల తరబడి జావ మీదే ఉంటే కండరం ఇంకా బిగుస్తుంది, మూడు వారాల తర్వాత ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టాలి. చూయింగ్ గమ్ నమిలితే దవడ వదులవుతుందని ఎవరైనా చెప్తే వినొద్దు.

నొప్పి_వైద్యం_కరీంనగర్

పైన ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తాను, కానీ సూదిని శత్రువులా చూడొద్దు. ఎనిమిది, పది వారాలు ఇవన్నీ నిజంగా చేసి, నొప్పి కండరానిదే అని తేలి, అయినా తిండికి నిద్రకు అడ్డు వస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు బొటులినమ్ ఒక మార్గమే. "ఒక్కసారితో తేలిపోతుంది" అన్న మాటకే నా అభ్యంతరం.

అది చేసే పని ఇది. నరం కొసలో ఎస్‌నాప్-25 అనే ప్రోటీన్‌ను కోసేస్తుంది, దాంతో కండరాన్ని కదిలించే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాదు, కండరం బలహీనపడుతుంది. 3 నుంచి 7 రోజుల్లో మొదలై, సుమారు నాలుగు వారాలకు పూర్తిగా కనిపించి, 3, 4 నెలలకు దిగిపోతుంది. పళ్లు కరవాలనే అలవాటు మెదడుది, దాన్ని ఈ మందు తాకదు. అందుకే పగటి అలవాటు మారకపోతే నాలుగో నెలలో మళ్లీ మొదటికే వస్తారు. ఉత్త సెలైన్ సూదితో పోల్చి చేసిన పరీక్షల ఫలితాలు కూడా ఒకదానితో ఒకటి కలవలేదు. దవడ నొప్పికి దీనికి అధికారిక ఆమోదం లేదు, ఆమోదించిన జబ్బులకు బయట వాడుతున్నాం అని డాక్టరు ముందే చెప్పి సంతకం తీసుకోవాలి.

వైపుకు 50 యూనిట్లు మొదటిసారికి ఎక్కువ. నేను సబబు అనుకునే లెక్క: 100 యూనిట్ల సీసాలో ప్రిజర్వేటివ్ లేని 0.9 శాతం సెలైన్ 2.5 మి.లీ. కలిపితే 0.1 మి.లీ.కి 4 యూనిట్లు. సెలైన్ సీసా గోడ వెంట మెల్లగా దిగాలి, కుదిపి నురగ తేవొద్దు. మాసిటర్‌లో మూడు చోట్ల 0.2 మి.లీ. చొప్పున 24 యూనిట్లు, టెంపొరాలిస్‌లో మూడు చోట్ల 0.1 చొప్పున 12. వైపుకు 36 యూనిట్లు. ఈ లెక్క బొటాక్స్ అనే బ్రాండ్‌ది. డిస్‌పోర్ట్ అనే మరో బ్రాండ్ యూనిట్లు వేరు, ఒకదాని అంకెను మరొకదానికి పెడితే మోతాదు తప్పుతుంది.

చోటు ఎంచడంలోనే తప్పులు జరుగుతాయి. చెవి ముందున్న చిన్న మిట్ట నుంచి నోటి మూలకు గీత గీసి, దాని కిందనే వేయాలి. పళ్లు కరిపించి కండరం ముందు అంచు, వెనక అంచు పెన్నుతో గుర్తు పెట్టి, ముందు అంచుకు కనీసం 1 సెం.మీ. వెనకే ఉండాలి. దవడ ఎముక కింది అంచుకు 1 సెం.మీ. పైన ఉండాలి. ముందుకు పోతే నవ్వు కండరానికి తగిలి నవ్వు ఒక పక్కకు వంకర పోతుంది, మూడు నెలల దాకా ఉండొచ్చు, దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. పైకి, వెనక్కి పోతే లాలాజల గ్రంథి దగ్గరవుతుంది. మాసిటర్ లోపల ఒక స్నాయువు పొర కండరాన్ని రెండు అరలుగా విడదీస్తుంది కొందరిలో, మందు లోతు అరలోనే ఉండిపోతే ఒకటి రెండు వారాల్లో నమిలినప్పుడు చెంప మీద ఉండలా పొంగుతుంది. అది ప్రమాదం కాదు, సర్దుకుంటుంది, లేదా పై అరలో కొద్దిగా వేస్తే పోతుంది. ముందే చెప్పకపోతే మనిషి భయపడిపోతుంది. 30 గేజ్ అరంగుళం సూది చాలు.

ఆ రోజు చెంప రుద్దొద్దు, ఫిజియో అన్న చెప్పిన ముడి నొక్కుడు కూడా మర్నాటికి వాయిదా. మటన్ లాంటివి నమిలితే దవడ త్వరగా అలసిపోవడం కొన్ని వారాలు మామూలే. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే మాత్రం ఆలోచించకుండా 108. మయస్థీనియా (కండరాలు త్వరగా నీరసించే జబ్బు) ఉన్నవాళ్లకు, వేసే చోట ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వేయరు. జెంటామైసిన్, అమికాసిన్ యాంటీబయాటిక్‌లు నడుస్తుంటే బొటాక్స్ బలం ఎక్కువవుతుంది, చెప్పాలి. మళ్లీ వేయాలంటే 12 వారాలు తప్పనిసరి విరామం. ఆరో వారానికి నొప్పి తగ్గకపోతే రెండోసారి అడగొద్దు, నిర్ధారణ మళ్లీ చూడాలి. పదే పదే వేస్తే నమిలే బలం తగ్గిన దవడలో ఎముక పలచబడటం జంతువుల్లో చూశారు, మనుషుల స్కాన్లలోనూ మార్పులు కనిపించిన అధ్యయనాలు ఉన్నాయి. ఏటా మూడుసార్లు వేయించుకుందాం అనే ఆలోచన అందుకే వద్దు.

క్లినిక్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. హైదరాబాద్ నుంచి హన్మకొండకు రోడ్డు మీద 140 కిలోమీటర్లకు పైనే, ఎండాకాలం బస్సు డిక్కీలో వచ్చిన సీసాలో మందు ఉన్నా బలం ఉండదు. సీసా మీ కళ్ల ముందు ఫ్రిజ్‌లోంచి తీయాలి, పేరు, బ్యాచ్ నంబరు, గడువు ఫోటో తీసుకోండి. కలిపిన గంట రాసి ఉండాలి, 24 గంటలు దాటితే పారేయాలి. డబ్బు సీసా లెక్కన కాకుండా యూనిట్ల లెక్కన, ఏ కండరానికి ఎన్ని వేశారో రాసి ఇవ్వమనండి.

దీనికంటే ముందు ఆలోచించదగినది మామూలు లిగ్నోకైన్ (మత్తుమందు) సూది. అడ్రినలిన్ లేని 1 శాతం, 27 గేజ్, ఒక్కో ముడిలో 0.2 నుంచి 0.5 మి.లీ. బీఎంజే జాబితాలో ఇది కూడా షరతులతో వద్దనే వైపే ఉంది. కానీ ముడిలో వేయగానే పన్ను నొప్పి, కణత నొప్పి కరిగిపోతే మూలం ఎక్కడుందో ఆ కుర్చీలోనే తెలుస్తుంది, సాగదీయడానికి దారి దొరుకుతుంది. స్టెరాయిడ్ కలపనక్కర్లేదు. బుపివకైన్ అనే మరో మత్తుమందు కండరానికి ఎక్కువ హాని చేస్తుంది, వద్దు.

పరకాల_ఫార్మసీ

మేడం, అన్నా, సార్, ముగ్గురికీ దండాలు. అడిగినవాటికి జవాబులు: దారం ఎప్పుడూ పళ్లతోనే తెంపుతది, అదీ కుడి పక్క. గుండుసూదులు నోట్లోనే. చిన్నోడికి 14 నెలలు, రాత్రి పూట ఇంకా పాలు తాగుతడు. కాన్పు తర్వాత దిగులు, నిద్ర పట్టకపోవడం ఉంటే మానసిక వైద్యుడు దిగులు తగ్గించే ఎస్సిటలోప్రామ్ 10 రాశారు, మొదలుపెట్టి 10 నెలలు. థయోకాల్చికోసైడ్ నిన్ననే ఆపించిన. షాపులో పెట్టుకుని తెలుసుకోకపోవడం నా తప్పే. ఇప్పుడు నొప్పికి అమిట్రిప్టిలిన్ 10 అడగొచ్చా?

నోటి_వైద్యం_హన్మకొండ

తమ్మీ, ఈ జవాబుతో వరుస మొత్తం మారింది.

మందు మొదలై 10 నెలలు, నొప్పి మొదలై 8. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లుఓక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి మందులు కొందరిలో పళ్లు కరవడం, దవడ బిగింపు తెస్తాయి, సాధారణంగా మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొన్ని వారాల్లో. మీ అక్కలో అదే కారణమని నేను తీర్పు చెప్పను, కానీ ఇన్ని నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇదే. మందు మాత్రం తనంతట తాను ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, ఒళ్లంతా కరెంటు పారినట్టు ఉండడం, దిగులు తిరగబెట్టడం జరుగుతాయి, చంటిబిడ్డ ఉన్న తల్లికి అది దవడ నొప్పికంటే పెద్ద సంగతి. రాసిన డాక్టరు దగ్గరకే వెళ్లి, నొప్పి మొదలైన తేదీ, మందు మొదలైన తేదీ కాగితం మీద పెట్టి చూపించండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, బుస్పిరోన్ అనే మందు కలపడమో ఆయన నిర్ణయం.

అమిట్రిప్టిలిన్ ఇప్పుడు నువ్వు షాపులోంచి ఇవ్వొద్దు. ఒంటరిగా రాత్రి 10 మి.గ్రా. చాలామందికి పనికొచ్చే మందే, కానీ ఎస్సిటలోప్రామ్‌తో కలిస్తే గుండె లయ మీద, సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద రెండింటి ప్రభావం కలుస్తుంది. ఈసీజీ చూసి ఆ మానసిక వైద్యుడే రాయాలి. కండరం సడలించే టిజానిడిన్ కూడా వద్దు. నొప్పి మరీ ఎక్కువైన రోజు పారాసిటమాల్ 650 లేదా ఐబుప్రొఫెన్ 400 తిన్నాక, వారంలో రెండు రోజులు మించకుండా. పాలిచ్చేవాళ్లకు ఈ రెండూ ఇబ్బంది లేనివి.

బొటాక్స్ ఇప్పుడు వద్దు. పాలిచ్చే తల్లుల్లో దాని సమాచారం చాలా తక్కువ, నొప్పి ప్రాణం మీదికి వచ్చేది కాదు, వాయిదా వేయడంలో పోయేదేమీ లేదు. స్ప్లింట్ కూడా మందు సంగతి తేలే దాకా ఆగవచ్చు.

ఖర్చు గురించి అడగలేదు గానీ చెప్తాను. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగం ఓపీలో చూపించి, అక్కడి నుంచే ఫిజియోథెరపీకి రాయించుకోవచ్చు. ఇంకా పైకి వెళ్లాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రెండు చోట్లకూ ఓపీజీ, పాత చీటీలు, గోలీల ఖాళీ షీట్లు పట్టుకెళ్లండి.

ఫిజియో_జనగామ

దారం సంగతి ఈ రోజే మార్చండి. మిషన్ తల మీద దారం తెంపే చిన్న కత్తి ఉంటుంది చాలా మిషన్లకు, మొద్దుబారి వాడకుండా వదిలేస్తారు. లేకపోతే బొటనవేలుకు పట్టే దారం కత్తెర టేపుకు కట్టి మెడలో వేలాడదీసుకోమనండి, చేతికి అందితేనే నోరు మానుతుంది. గుండుసూదులకు మణికట్టుకు కట్టుకునే దూది మెత్త. ముందు ఒకటి రెండు బొట్టుబిళ్లలు ఈ రెండింటి మీదే అంటించాలి.

ఇవాళ్టి నుంచి పుస్తకంలో రోజూ నాలుగు అంకెలు రాయించండి: పొద్దున నోరు ఎన్ని మి.మీ., సాయంత్రం ఎన్ని, రెండు పూటలా నొప్పి పదికి ఎంత. కొలిచేది ఒకే స్కేలుతో, ఒకే రెండు పళ్ల మధ్య, వేడి పెట్టకముందు. పాలిచ్చేటప్పుడు మెడ కిందికి వంచి బిడ్డనే చూస్తూ పళ్లు బిగిస్తారు, వీపు వెనక దిండు పెట్టి బిడ్డను ఎత్తులోకి తెచ్చుకోమనండి. ఆరు వారాల పుస్తకం ఫోటో ఇక్కడ పెట్టు తమ్మీ. పొద్దుటి అంకె కదిలి సాయంత్రంది కదలకపోతే పగటి అలవాటు ఇంకా ఉన్నట్టు. సాయంత్రంది మెరుగై పొద్దుటిది అట్లాగే ఉంటే రాత్రి కరుస్తున్నట్టు, అప్పుడు మేడం చెప్పిన గట్టి స్ప్లింట్ కొలతలు ఇప్పించండి.